ప్రిన్సిపల్ పనితీరును బోర్డు ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న:
మా స్కూలు బోర్డులో ఈ ఏడాదే సభ్యురాలిగా చేరాను. వచ్చే నెల ప్రిన్సిపల్ గారి వార్షిక సమీక్ష. చేతిలో ఉన్నదల్లా పరీక్షా ఫలితాల పట్టిక, తల్లిదండ్రుల ఫిర్యాదుల ఫైలు. వీటితో ఒక మనిషి ఏడాది పనిని తేల్చేయడానికి మనసొప్పడం లేదు. ఇంకేం చూడాలి?

జవాబు 1:
ఫలితాలు చూడండి, కానీ ఒక్క ఏడాదివి చూసి తీర్పు చెప్పకండి. బ్యాచ్ మారితే మార్కులూ మారతాయి. మూడేళ్ల ఫలితాలు, పిల్లల హాజరు, మంచి టీచర్లు నిలుస్తున్నారా వెళ్లిపోతున్నారా అన్నది చూడండి. నా దృష్టిలో చివరిదే అసలైన కొలత.

జవాబు 2:
నేను ప్రిన్సిపల్‌గా చేసి రిటైరయ్యాను. ఏడాది చివర్లో ఒక్కసారి పిలిచి మార్కులు వేస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఏడాది మొదట్లోనే కలిసి కూర్చుని మూడు నాలుగు లక్ష్యాలు రాసుకోవాలి. మధ్యలో పిలిచి "మీకేం అడ్డొస్తోంది?" అని అడగాలి. నన్ను ఆ మాట అడిగిన చైర్మన్ ఒక్కరే. ఆయన ఆఫీసు పనికి ఒక మనిషిని ఇచ్చాకే నాకు తరగతులకు వెళ్లే తీరిక దొరికింది. టీచర్ల అభిప్రాయాలు పేర్లు లేకుండా తీసుకోండి. ఫిర్యాదులు మాత్రం ముందుగా ప్రిన్సిపల్‌కే చూపించండి, సమావేశంలో హఠాత్తుగా బయటపెట్టొద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఈసారి లక్ష్యాలే రాసుకోలేదు కదండీ, మరి దేన్నిబట్టి కొలవాలి?

జవాబు 2:
అయితే ఈసారి రేటింగ్ ఇవ్వకండమ్మా. మాట్లాడుకుని వచ్చే ఏడాదికి లక్ష్యాలు రాసుకోండి. ఆయన పదవికి కొత్తవారైతే అనుభవమున్న మరో ప్రిన్సిపల్‌ను మెంటార్‌గా పెట్టండి. దానికి బడ్జెట్ ఇప్పుడే అడగండి.