తేదీ మార్చింది రాష్ట్రం, ఓటు పోయింది ఓటరుది: ఫ్లోరిడా, మిషిగన్‌లలో మళ్ళీ పోలింగ్ పెట్టాల్సిందా?

గోదావరి గట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

ఒబామా, హిల్లరీ క్లింటన్ పోటీపడిన 2008 డెమోక్రటిక్ ప్రైమరీల్లో, అంటే పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే రాష్ట్రాల పోలింగుల్లో, ఒక ముడిని విప్పకుండానే తెంపేశారని ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది. అప్పటికి చిన్నవాళ్ళుగా ఉన్నవారి కోసం ముందు జరిగింది చెబుతాను.

అయోవా, నెవాడా, న్యూ హాంప్‌షైర్, సౌత్ కరోలినా తప్ప ఇంకే రాష్ట్రమూ ఫిబ్రవరి 5కి ముందు ప్రైమరీ పెట్టకూడదని పార్టీ జాతీయ కమిటీ నియమం పెట్టింది. ఫ్లోరిడా జనవరి 29కి, మిషిగన్ జనవరి 15కి తమ తేదీలు ముందుకు జరుపుకున్నాయి. కమిటీ ఊరుకోలేదు. 2007 ఆగస్టులో ఫ్లోరిడాకి, డిసెంబరులో మిషిగన్‌కి ఉన్న డెలిగేట్లందరినీ, అంటే మహాసభలో అభ్యర్థిని ఖరారు చేసే ప్రతినిధులను, రద్దు చేసింది. అభ్యర్థులు అక్కడ ప్రచారం చెయ్యబోమని ఒప్పుకున్నారు. అయినా రెండుచోట్లా పోలింగ్ జరిగింది. ఫ్లోరిడాలో 17 లక్షల మందికి పైగా వచ్చి ఓటేశారు. క్లింటన్‌కి 50 శాతం, ఒబామాకి 33 వచ్చాయి. మిషిగన్‌లో ఒబామా, ఇంకో అభ్యర్థి ఎడ్వర్డ్స్ తమ పేర్లను బ్యాలెట్ నుంచి తీయించేసుకున్నారు. అక్కడ క్లింటన్‌కి 55 శాతం, ‘ఎవరికీ కట్టుబడను’ అనే గడికి 40 శాతం పడ్డాయి.

మార్చికల్లా పోటీ నువ్వా నేనా అన్నట్టు తయారైంది. అప్పుడు మళ్ళీ పోలింగ్ మాట బయటికొచ్చింది. ఫ్లోరిడాలో పోస్టు ద్వారా, మిషిగన్‌లో జూన్ 3న అన్నారు. రెండూ జరగలేదు.

జరిగి ఉండాల్సింది అంటాను నేను. తేదీ మార్చింది శాసనసభ. ఫ్లోరిడా శాసనసభలో అప్పుడు రిపబ్లికన్లదే మెజారిటీ, బిల్లు మీద సంతకం పెట్టిన గవర్నర్ చార్లీ క్రిస్ట్ కూడా అప్పుడు రిపబ్లికనే. అత్త మీద కోపం దుత్త మీద చూపించారు. ఆ దుత్త పేరు డెమోక్రటిక్ ఓటరు.

లెక్కల మాస్టారు

గట్టు గారూ, మీ ఆవేదన అర్థమవుతోంది కానీ సగమే చెప్పారు.

ఫ్లోరిడా బిల్లుకి అక్కడి డెమోక్రటిక్ సభ్యులు కూడా దాదాపు అందరూ ఓటేశారు. కాగితపు బ్యాలెట్ తెచ్చే అంశం కూడా అదే బిల్లులో ఉండటంతో కాదనలేకపోయారని అంటారు, ఒప్పుకుంటాను. మిషిగన్‌లో ఆ సాకు కూడా లేదు. గవర్నర్ జెనిఫర్ గ్రాన్‌హోమ్ డెమోక్రాట్. ఆ రాష్ట్ర సెనేటర్ కార్ల్ లెవిన్ అయోవా, న్యూ హాంప్‌షైర్‌లే ఎప్పుడూ ముందుండే పెత్తనం మీద ఏళ్ళ తరబడి పోరాడుతున్నారు, తెలిసే ఈ అడుగు వేశారు. ఫ్లోరిడాకి ఇంకో ప్రణాళిక తెచ్చుకోమని జాతీయ కమిటీ 30 రోజుల గడువు కూడా ఇచ్చింది. తేలేదు.

శిక్ష ఏమిటో పోలింగ్‌కి నెలల ముందే అందరికీ తెలుసు. తెలిసి తప్పి, చివర్లో పోటీ బిగిసేసరికి “మళ్ళీ పెట్టండి” అంటే, నియమం పాటించి వరసలో నిలబడ్డ మిగతా రాష్ట్రాలకి ఏం చెప్తాం? జూన్‌లో ఓటేస్తే, ముందుకు జరిగినందుకు శిక్ష పోయి చిట్టచివరి నిర్ణయం తమ చేతిలోకి వస్తుంది. అది బహుమానం.

ఇంకో విషయం. డెలిగేట్లను రద్దు చెయ్యమని ఆగస్టులో ఓటేసినవాళ్ళలో పార్టీ నియమాల కమిటీ సభ్యుడు హెరాల్డ్ ఇక్స్ ఒకరు. తర్వాత ఆయనే క్లింటన్ తరఫున ఆ డెలిగేట్ల కోసం అదే కమిటీలో గొంతు చించుకున్నారు. అంకెలు ఎవరికి కలిసొస్తాయో తెలిశాక పుట్టిన న్యాయబుద్ధిని నేను నమ్మలేను.

మంచు మిషిగన్

ఇక్కడి వాదనలన్నీ డెలిగేట్ల చుట్టూ తిరుగుతున్నాయి. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మేము డెట్రాయిట్ శివార్లలో ఉంటాం. 2008 జనవరికి ఇద్దరికీ పౌరసత్వం వచ్చి ఏడాది కూడా కాలేదు. జీవితంలో మొదటి అమెరికా ఓటు. నేను ఒబామాకి వేద్దామనుకున్నాను, బ్యాలెట్ మీద పేరే లేదు. పేరు రాసి వేద్దామంటే, ఇక్కడ అభ్యర్థి ముందుగా కాగితాలు దాఖలు చెయ్యకపోతే రాసిన పేరు లెక్కలోకి రాదు. చివరికి ‘ఎవరికీ కట్టుబడను’ గడి నింపి వచ్చాను. మా నాన్నగారు ఫోన్‌లో “ఎవరికేశావమ్మా?” అంటే ఏం చెప్పాలో తెలియలేదు.

మావారు ఇంకోలా ఆలోచించారు. “అటు వేస్తే ఓటు చెల్లదంటున్నారు, చెల్లేచోట వేద్దాం” అని రిపబ్లికన్ బ్యాలెట్ తీసుకున్నారు. అక్కడ రామ్నీకి, మెకెయిన్‌కి మధ్య నిజమైన పోటీ ఉంది. ఆ ఏడాది ఏ పార్టీ బ్యాలెట్ కావాలో కాగితం మీద రాసివ్వాల్సి వచ్చింది, అది రికార్డులో ఉండిపోయింది.

తర్వాత జూన్ 3 ప్రతిపాదన చూస్తే, జనవరిలో రిపబ్లికన్ బ్యాలెట్ తీసుకున్నవాళ్ళకి కొత్త పోలింగ్‌లో ఓటు లేదన్నారు. పార్టీ చెప్పిన మాట నమ్మి నడుచుకున్నవాడికే తలుపు మూస్తారట. ‘చెల్లదు’ అని మీరే చెప్పి, చెల్లదనుకుని పక్కకి వెళ్ళినవాణ్ణి ‘నువ్వు మావాడివి కాదు’ అంటే ఎలా? మళ్ళీ పోలింగ్ కావాలని కోరేవాళ్ళు దీనికి జవాబు చెప్పాలి.

గోదావరి గట్టు

మంచు గారూ, మీరు చెప్పింది చదివి కాసేపు ఆగిపోయాను. ఆ షరతు తప్పే. అయితే ఆ షరతుని తీసేసి మళ్ళీ పోలింగ్ పెట్టాల్సిందే తప్ప, దాన్ని చూపించి మొత్తం ఆపడం సరికాదు కదా?

మంచు మిషిగన్

తీసేస్తే ఇంకో గొడవ ఉందండీ. అప్పటికి రిపబ్లికన్ల వైపు మెకెయిన్ తేలిపోయారు. ఆ పార్టీవాళ్ళు జూన్‌లో ఖాళీయే. వచ్చి తమకి సులువైన ప్రత్యర్థిని ఎంచుకుని పోతారని భయం. ఒకే మనిషి ఒకే ఏడాది రెండు పార్టీల అభ్యర్థుల ఎంపికలో ఓటెయ్యడం సబబా అని అడిగితే నేనూ తడబడతాను. పైగా ఆ ఓటర్ల జాబితాలను రెండు పెద్ద పార్టీలకే ఇచ్చే చట్టాన్ని మార్చి నెలాఖరులో ఫెడరల్ కోర్టు కొట్టేసింది. ఎవరు ఎటు వేశారో జాబితా చేతికి రాకపోతే ఆపడమూ కుదరదు.

కృష్ణలంక

విజయవాడ నుంచి రాస్తున్నాను. ఎన్నికల డ్యూటీ నాలుగైదు సార్లు చేశాను కాబట్టి ఒక్క మాట.

మన దగ్గర రీపోలింగ్ అంటే ఒక పద్ధతి ఉంది. బూత్‌లో గొడవ జరిగినా, యంత్రం పాడైనా ప్రిసైడింగ్ ఆఫీసరు, రిటర్నింగ్ అధికారి నివేదికలు పైకి వెళ్తాయి. ప్రజాప్రాతినిధ్య చట్టం 58వ సెక్షన్ కింద ఎన్నికల సంఘం పాత పోలింగ్‌ని రద్దు చేసి కొత్త తేదీ ఇస్తుంది. ఎడమ చూపుడువేలికి ముందే సిరా ఉంటుంది కాబట్టి ఈసారి మధ్యవేలికి పెడతాం. ఓటరుగా పేరున్న ప్రతి ఒక్కరూ రావచ్చు. మొదటిసారి రానివాళ్ళు కూడా.

అసలు సంగతి, ఇదంతా కౌంటింగ్‌కి ముందు జరుగుతుంది. ఆ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో నిర్ణయం తీసుకునేవాడికి తెలియదు, అడిగేవాడికీ తెలియదు. మార్చి 2008లో ఫ్లోరిడా సంగతి అలా కాదు. ఫలితం పేపర్లో అచ్చయ్యి ఆరేడు వారాలైంది. ఎవరికి ఎన్ని డెలిగేట్లు తక్కువున్నాయో చిన్నపిల్లాడు కూడా చెప్పగలడు. మళ్ళీ పోలింగ్‌కి డబ్బు పోగుచేస్తామని ముందుకొచ్చిన పెన్సిల్వేనియా, న్యూజెర్సీ గవర్నర్లు రెండెల్, కోర్జైన్ ఇద్దరూ క్లింటన్ మద్దతుదారులు. మా మండలంలో ఒక అభ్యర్థి మనిషి “ఈ బూత్‌కి రీపోలింగ్ ఖర్చు నేను పెట్టుకుంటా” అంటే ఊరు ఊరంతా తిరగబడుతుంది.

టాంపా తీరం

ఫ్లోరిడానీ మిషిగన్‌నీ ఒకే గాటన కట్టకండి. మా బ్యాలెట్ మీద అందరి పేర్లూ ఉన్నాయి. ఎవరూ ప్రచారం చెయ్యలేదు, అంటే ఎవరికీ అన్యాయంగా లాభం రాలేదు. అదే రోజు ఇంటి పన్నుల మీద రాజ్యాంగ సవరణ కూడా ఓటింగ్‌కి వచ్చింది కాబట్టి జనం వెల్లువలా వచ్చారు. నేనూ ముప్పావు గంట నిలబడ్డాను.

ఇక పోస్టు ఓటింగ్. రాష్ట్రమంతా పోస్టులో ఓటెయ్యడం మాకు అలవాటు లేదు. సంతకాలు ఎవరు సరిచూస్తారు? ఇల్లు మారినవాళ్ళ సంగతేమిటి? 2000 అధ్యక్ష ఎన్నికలో బ్యాలెట్ల లెక్కింపుతో మా రాష్ట్రం ప్రపంచం ముందు ఎంత తల దించుకుందో మర్చిపోయారా? అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్)లోని మా డెమోక్రటిక్ సభ్యులే వద్దన్నారు. మార్చి 17న రాష్ట్ర పార్టీ అధ్యక్షురాలు కేరెన్ థర్మన్ దాన్ని పక్కన పెట్టేశారు. మళ్ళీ ఓటెయ్యాలని ఫ్లోరిడా జనం కోరలేదు. వేసిన ఓటు లెక్కపెట్టమన్నారు.

లెక్కల మాస్టారు

టాంపా గారూ, ప్రచారం లేకపోతే ఎవరికీ లాభం లేదన్నారు. పదహారేళ్ళుగా దేశమంతా తెలిసిన పేరుకీ, నాలుగేళ్ళ కిందట పరిచయమైన పేరుకీ ప్రచారం లేని పోటీ పెడితే ఎవరికి లాభమో ఆలోచించండి. చివరి వారాల్లో తిరిగి, మాట్లాడి అంతరం తగ్గించుకోవడమే రెండోవారికి ఉన్న ఒకే దారి. అది మూసేశారు. పైగా లెక్కలోకి రాదని నమ్మి ఇంట్లో ఉండిపోయినవాళ్ళెందరో ఏ యంత్రమూ చెప్పలేదు.

గోదావరి గట్టు

మాస్టారూ, నియమం నియమం అంటున్నారు. ఆ నియమం అందరికీ ఒక్కటేనా? పార్టీ మొదట వేసిన క్యాలెండరులో న్యూ హాంప్‌షైర్ తేదీ జనవరి 22. అది జనవరి 8కి జరిగింది. అయోవా 14 నుంచి 3కి జరిగింది. 2007 డిసెంబరు 1న మిషిగన్‌ని శిక్షించిన సమావేశమే వాటికి మినహాయింపులు ఇచ్చింది. నియమావళిలో మామూలుగా రాసిన శిక్ష సగం కోత. కమిటీ దాన్ని మొత్తం కోత చేసింది. రిపబ్లికన్లు మాత్రం నియమం తప్పిన రాష్ట్రాలన్నిటికీ సగమే కోశారు, న్యూ హాంప్‌షైర్‌తో సహా. అందుకే అటువైపు ఈ రభస పుట్టలేదు. ఫ్లోరిడాలో మెకెయిన్ గెలుపు గెలుపుగానే నిలిచింది.

లెక్కల మాస్టారు

ఇది ఒప్పుకుంటున్నాను. మొదటే సగం కోసి ఉంటే ఓటరు పోలింగ్‌కి వచ్చేవాడు, అభ్యర్థులు పేర్లు తీయించుకునేవారు కాదు, మంచు గారి భర్త తనకి నచ్చిన బ్యాలెట్ తీసుకునేవారు. మొత్తం కోత అన్నప్పుడే పోలింగ్ విరిగిపోయింది. విరిగినదాన్ని మార్చిలో అతికించలేరు.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది మే 31. వాషింగ్టన్ హోటల్లో నియమాల కమిటీ కూర్చుని, ఫ్లోరిడా డెలిగేట్లకి తలా అర ఓటు ఇచ్చింది. దాన్ని ఎవరూ వ్యతిరేకించలేదు. మిషిగన్‌లో క్లింటన్‌కి 69, ఒబామాకి 59 అని పంచింది, అక్కడా తలా అర ఓటే. 19 మంది అవునన్నారు, 8 మంది కాదన్నారు. పోలింగ్ ప్రకారం అయితే క్లింటన్‌కి 73, ‘ఎవరికీ కట్టుబడని’వారికి 55 రావాలి. 69 ఏ పెట్టెలోంచి వచ్చింది? రాష్ట్ర నాయకులు పోలింగ్ ఫలితాన్నీ, బయట ఓటర్లని అడిగి వేసిన అంచనాలనీ కలిపి మధ్యలో ఒక అంకె తెచ్చారు. మళ్ళీ పోలింగ్‌ని వ్యతిరేకించినవాణ్ణే అయినా, ఓటరు వెయ్యని అంకెని డెలిగేట్లుగా మార్చడం నాకు మింగుడు పడలేదు. ఆ నాలుగు డెలిగేట్ల గురించి ఇక్స్ ఆ రోజు అరిచినదాంట్లో న్యాయం ఉంది.

టాంపా తీరం

ఆగస్టు చివర, డెన్వర్ మహాసభకి ముందు రోజు ఒబామాయే అడిగి రెండు రాష్ట్రాలకీ పూర్తి ఓట్లు ఇప్పించారు కదా. అప్పటికి క్లింటన్ తప్పుకుని రెండున్నర నెలలైంది. పంట కోసుకుపోయాక చేనుకి నీళ్ళు పెట్టినట్టు.

నాషువా

మా న్యూ హాంప్‌షైర్‌లో 2024లో జరిగింది కూడా చూడండి. మొదటి ప్రైమరీ మాదే కావాలని మా రాష్ట్ర చట్టమే చెబుతుంది. పార్టీ సౌత్ కరోలినాని ముందు పెట్టింది. మేము జనవరి 23న పెట్టాం. బైడెన్ పేరు బ్యాలెట్ మీద లేదు. జాతీయ కమిటీ ఉత్తరంలో మా ప్రైమరీకి అర్థం లేదన్నారు. ఓటర్లను నిరుత్సాహపరచొద్దని మా అటార్నీ జనరల్ తిరుగు నోటీసు పంపారు. ఇక్కడి వాళ్ళు పేరు రాసి మరీ బైడెన్‌ని గెలిపించారు.

తర్వాత ఏప్రిల్‌లో రాష్ట్ర పార్టీ సొంతంగా ఇంకో ఎంపిక నిర్వహించింది, మా డెలిగేట్లకి కుర్చీలు దక్కాయి. అప్పటికి బైడెన్‌కి నామినేషన్ ఖాయమైపోయింది కాబట్టి ఎవరూ గొడవ చెయ్యలేదు. మళ్ళీ ఎంపిక సాఫీగా జరిగేది ఫలితం ఎవరికీ పట్టనప్పుడే అని నాకు అనిపించింది. ఫలితం ముఖ్యమైనచోట అది జరగలేదు.

గోదావరి గట్టు

నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. మార్చిలో మళ్ళీ పోలింగ్ అడగడం ఆలస్యమే. కృష్ణలంక గారి లెక్కన ఫలితం తెలియకముందే అడగాలి. నియమం తప్పిన రాష్ట్రానికి రెండో తేదీ ఏదో, ఖర్చు ఎవరిదో, ఎవరెవరు ఓటెయ్యొచ్చో మొదటి పోలింగ్‌కి ముందే పార్టీ నియమావళిలో రాసుండాలి. కోత కొయ్యాలనుకుంటే, ఓటు ద్వారా కాకుండా పదవి వల్ల మహాసభకి వెళ్ళే ఆ రాష్ట్ర నాయకుల కుర్చీలు కొయ్యండి. తేదీ మార్చే బిల్లుని అడ్డుకోగలిగేది వాళ్ళే. మంచు గారూ, అలా అయితే మీకు సమ్మతమేనా?

మంచు మిషిగన్

జనవరి పోలింగ్‌కి ముందే రాసుంటే సమ్మతమే. అప్పుడు మావారు ఆ కాగితం మీద ఏ పార్టీ పేరు రాయాలో తెలిసి రాసేవారు. మార్చిలో రాసినదానికైతే ఒప్పుకోను. జూన్ 3న నేను లోపలికి వెళ్ళి ఓటేసి వస్తుంటే, నాతోపాటే ప్రమాణం చేసి పౌరసత్వం తీసుకున్న మనిషి పార్కింగ్‌లో కారు దగ్గర నిలబడి ఉండేవారు.