లైక్లీహుడ్‌ని కూడా "సంభావ్యత" అనేస్తే ఎలా?

జ్ఞాపకశక్తి మోడళ్ల గురించి తెలుగులో రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. ప్రాబబిలిటీకి సంభావ్యత అంటున్నాం, బాగుంది. లైక్లీహుడ్‌కి (చేతిలో ఉన్న డేటాకి మోడల్‌లోని ఏ విలువ ఎంత సరిపోతుందో చెప్పే కొలత) కూడా అదే పెట్టేస్తున్నారు. 1922లో గణాంకవేత్త ఫిషర్ పనిగట్టుకుని విడదీసిన రెంటినీ మనం మళ్లీ కలిపి ముడేస్తున్నాం.

ఒకరికి పది పదాలు చూపిస్తే ఏడు గుర్తున్నాయి అనుకోండి. ఒక్కో పదం గుర్తుండే అవకాశం 0.5 అయితే సరిగ్గా ఏడు రావడానికి సంభావ్యత దాదాపు 0.117, అదే 0.7 అయితే 0.267. ఇక్కడిదాకా పేచీ లేదు. కానీ మోడల్‌ని ఫిట్ చేసేటప్పుడు, అంటే డేటాకి సరిపడేలా దాని అంకెల్ని సర్దేటప్పుడు, ఆ ఏడు కదలదు, జరిగిపోయింది కాబట్టి. మనం అటూ ఇటూ జరిపి చూసేది 0.5నీ 0.7నీ. అలా 0 నుంచి 1 దాకా అన్ని విలువలకీ గీత గీస్తే అదే లైక్లీహుడ్, దాని కింది వైశాల్యం కడితే 1/11 వస్తుంది. సంభావ్యత అయితే 1 రావాలి కదా!

లైక్లీహుడ్‌కి నా ఓటు "పొంతన"కి. గరిష్ఠ పొంతన, పొంతనల నిష్పత్తి... నోటికి బాగానే తిరుగుతున్నాయి.

జవాబు: మాట బాగుందండీ, కానీ పొంతనని మనం ఎక్కువగా లేదని చెప్పడానికే వాడతాం. "చెప్పేదానికీ చేసేదానికీ పొంతన లేదు" అంటాం గానీ "రెండింతల పొంతన ఉంది" అని ఎవరంటారు? పైగా ఫిట్‌కి ఏం మిగులుతుంది?

ఫిట్‌కి "నప్పడం" ఉందిగా. కొలత సంగతి నిజమే, కానీ వేడి, బరువు కూడా మొదట అంకెలతో పుట్టిన మాటలు కావు, వాడగా వాడగా కుదురుకున్నాయి.

ఇంకో జవాబు: ఓవర్‌ఫిటింగ్‌కి నేను "బట్టీ పట్టడం" అంటాను. పారామీటర్లు (మోడల్‌లో మనం జరిపి చూసే 0.5 లాంటి అంకెలు) పెంచుకుంటూ పోతే మోడల్ మనిషి తీరుని పట్టుకోవడం మానేసి ఆ రోజు డేటాలోని తప్పటడుగుల్ని కూడా అప్పజెబుతుంది, కొత్త డేటా ఇస్తే తెల్లమొహం వేస్తుంది. మోడళ్లని పోల్చే లెక్కలో జపాన్ గణాంకవేత్త అకాయికే 1974లో పారామీటరుకి 2 చొప్పున పెనాల్టీ వేసింది అందుకేగా.

బట్టీ అదిరింది, తీసేసుకుంటున్నా! కాకపోతే ఒక మెలిక. మరపు రేఖకి (రోజులు గడిచేకొద్దీ గుర్తున్నది ఎలా తగ్గుతుందో చూపే గీత) పవర్ (మరిచే వేగం పోనుపోను నెమ్మదించేది), ఎక్స్‌పొనెన్షియల్ (ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో తగ్గేది) అని రెండు పోటీదార్లున్నాయి (వీటి తెలుగు జోలికి ఇప్పుడు పోను). మామూలు రూపంలో రెంటికీ రెండేసి పారామీటర్లే, పెనాల్టీ సమానం, అకాయికే లెక్కలో చివరికి తేల్చేది పొంతనే. అక్కడా మోసం ఉంది: ఒక్కొక్కరి మరపు ఎక్స్‌పొనెన్షియల్‌గానే ఉన్నా, వేగాలు వేరైనవాళ్లందరినీ కలిపి సగటు తీస్తే ఆ గీత పవర్‌లా కనిపించొచ్చు. కాబట్టి "ఎవరి డేటాతో పొంతన" అని కూడా రాయాల్సి వస్తోంది. సంభావ్యత అని రాసి ఉంటే ఆ "ఎవరితో" అన్న ప్రశ్నే నాకు తట్టేది కాదు.

పెనాల్టీకి "జరిమానా" అని రాశాను. మరీ పోలీసు భాషలా ఉందంటే మార్చేస్తా.