డబ్ల్యూ240 అని పేరు పెడితే ఎక్సెల్ ఒప్పుకోవట్లేదు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. పిక్కలు వచ్చే ఊళ్ల పేర్లు ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టేవారు, వజ్రపుకొత్తూరు ఒక్కటే నాలుగు రకాలుగా ఉంది, ఒకదానికి చివర స్పేస్ కూడా, దాంతో నెలాఖరున పివట్ (ఊరువారీ మొత్తాల పట్టిక) వేస్తే ఒకే ఊరు నాలుగైదు వరసల్లో వచ్చి సేటు గారి దగ్గర తల కొట్టేసినట్టయింది. అందుకే డేటా వాలిడేషన్‌లో (గడిలో ఏది పడితే అది కొట్టనివ్వని సదుపాయం) లిస్ట్ పెట్టాను. ఊళ్ల వరకు బాగానే ఉంది.

గోలంతా డబ్ల్యూ240 లాంటి జీడిపప్పు గ్రేడ్ల దగ్గరే. మొదటి గడిలో గ్రేడ్ ఎంచుకుంటే పక్క గడిలో ఆ గ్రేడ్ లాట్ నంబర్లు మాత్రమే రావాలి. గడిలో ఉన్న పేరుని బట్టి ఆ పేరున్న రేంజిని తెచ్చే ఇన్‌డైరెక్ట్ ఫార్ములాతో చేద్దామని లాట్ల రేంజికి డబ్ల్యూ240 అని పేరు పెట్టబోతే తీసుకోలేదు. గంటసేపు కొట్టుకున్నాక వెలిగింది, అది డబ్ల్యూ కాలమ్‌లో 240వ గడి అడ్రస్ కదా! ముందు జి, అండర్‌స్కోర్ తగిలిస్తే పేరు పడింది గానీ, డ్రాప్‌డౌన్‌లో మాత్రం మామూలు డబ్ల్యూ240 అనే కనిపించాలి, స్లిప్పుల మీద అదే ఉంటుంది. ఫార్ములా ఎలా రాయాలి? మాది 2016 ఎక్సెల్, ఫిల్టర్ ఫంక్షన్ లేదు.

ఇంకోటి, మా కుర్రాడు వాట్సాప్‌లో వచ్చింది కాపీ చేసి నేరుగా పేస్ట్ చేసేస్తాడు, తప్పు పేరైనా లోపలికి పోతోంది, ఎర్రర్ మెసేజ్ కూడా రావట్లేదు. అతనికి చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. పేస్ట్‌ని ఆపే దారేమైనా ఉందా, మాక్రో లేకుండా?