ఫోమ్ జింక టార్గెట్ ఎక్కువకాలం మన్నాలంటే ఏం చూసి కొనాలి?

ప్రశ్న: నమస్కారం అండీ. మేం డాలస్ దగ్గర ఉంటాం. నాది 60 పౌండ్ల బలంతో లాగాల్సిన కాంపౌండ్ విల్లు (చివర్లలో కప్పీలుండే రకం). జింకల సీజన్ మొదలయ్యేలోపు పెరట్లో రోజూ 20, 30 గజాల నుంచి ప్రాక్టీస్ చేయాలని ఉంది. పోయినేడు చవకలో కొన్న ఫోమ్ జింకకు వేసవి దాటకముందే ముందుకాలి వెనక పెద్ద గుంత పడింది, బాణాలు అవతలికి దూసుకుపోతున్నాయి. మిగతా ఒళ్లంతా కొత్తదానిలాగే ఉంది. ఈసారి ఏది తీసుకోమంటారు?

జవాబు: అందరం గురిపెట్టేది గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటికే కదండీ, అందుకే అరిగేది ఆ జానెడు మేరే. కొమ్ములూ రంగూ పక్కన పెట్టి, ఆ భాగం విడిగా ఊడొచ్చే ఇన్సర్ట్‌గా ఉందో లేదో చూడండి. రైన్‌హార్ట్, డెల్టా మెకెంజీ, గ్లెన్‌డెల్ అనే బ్రాండ్లు మూడింటిలోనూ అలాంటి మోడళ్లున్నాయి. గ్లెన్‌డెల్ బక్ అనే మోడల్‌లో ఇన్సర్ట్‌కు నాలుగు ముఖాలుంటాయి, ఒకటి అరిగితే ఇంకోవైపు తిప్పి పెట్టుకోవచ్చు. రైన్‌హార్ట్ ఫోమ్‌లో బాణం తీశాక రంధ్రం చాలావరకు దానంతటదే మూసుకుంటుంది. ధర ఎక్కువే, అయినా రోజూ వేసేవాళ్లకు నేను అదే చెబుతాను. ఏది కొన్నా, ఆ మోడల్‌కు ఇన్సర్ట్ విడిగా అమ్ముతున్నారో లేదో, దాని ధర ఎంతో ముందే కనుక్కోండి. ఇన్సర్ట్ దొరక్కపోతే జింక మొత్తం మళ్లీ కొనాల్సిందే.

ఇంకో జవాబు: పై మాటకు నాదొకటి కలుపుతాను. రోజువారీ బాణాలన్నీ జింకకే వేయకండి. ఒక బ్యాగ్ టార్గెట్ (మెత్తటి సరుకు కుక్కిన సంచి) కూడా పెట్టుకోండి. అది చవక, బాణం రెండు వేళ్లతో లాగినా వచ్చేస్తుంది. చేయి కుదరడానికి దాని మీద వేసి, చివర్లో కొన్ని బాణాలు జింక మీద వేయండి, దాన్ని కాస్త ఏటవాలుగా తిప్పి పెట్టి కూడా వేయండి. కోణం మారితే గురి ఎక్కడ పెట్టాలో నేర్పేది జింక బొమ్మే, బ్యాగ్ నేర్పదు.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్స్ అండీ. బ్రాడ్‌హెడ్‌లు (వేటకు వాడే పదునైన అంచుల మొనలు) కూడా జింక మీదే వేసి చూడొచ్చా? గట్టి ఫోమ్‌లో బాణం ఇరుక్కుంటుందని విన్నాను, అదొక టెన్షన్.

మొదటి జవాబు ఇచ్చినవారు: ప్రాక్టీస్ అంతా ఫీల్డ్ పాయింట్లతోనే (కోసే అంచుల్లేని మామూలు మొనలతో) చేయండి. బ్రాడ్‌హెడ్ అంచులు ఫోమ్‌ను కోసి ముక్కలుగా పెకలిస్తాయి, ఎంత మంచి ఫోమైనా దానికి త్వరగా అరిగిపోతుంది. బ్యాగ్‌లోకి అసలే వేయొద్దు. సీజన్ ముందు గురి సరిచూసుకోవడానికి, బ్రాడ్‌హెడ్‌లకు పనికొస్తుందని రాసి ఉన్న ఫోమ్ బ్లాక్ ఒకటి చాలు. ఇక ఇరుక్కోవడమంటారా, వేగంగా దూరిన కార్బన్ బాణానికి రాపిడితో వేడి పుట్టి ఫోమ్ అతుక్కుపోతుంది. బాణం ముందు భాగానికి పొడి సబ్బుబిళ్ల రుద్దండి, లేదా ఆర్చరీ షాపులో దొరికే లూబ్ (బాణం జారడానికి పూసేది) రాయండి. తీసేటప్పుడు ఒక చేత్తో టార్గెట్‌ను నొక్కిపట్టి, రెండో చేత్తో బాణాన్ని ఫోమ్‌కు దగ్గరగా పట్టుకుని నేరుగా లాగండి. వెనక పిల్లలెవరూ నిలబడకుండా చూసుకోండి, బాణం ఒక్కసారిగా ఊడితే తోక కళ్లకు తగులుతుంది.

టెక్సస్ ఎండకు ఫోమ్ పెళుసుబారుతుంది. వాడనప్పుడు గ్యారేజ్‌లో పెట్టండి, కుదరకపోతే నీడలో టార్ప్ కప్పి ఉంచండి. పెరట్లో విల్లు వాడటం మీద ఒక్కో ఊరికి ఒక్కో నిబంధన ఉంటుంది, మీ సిటీ వెబ్‌సైట్‌లో చూశాకే మొదలుపెట్టండి. గురి తప్పిన బాణం ఆగడానికి జింక వెనక మట్టిదిబ్బ గానీ, గట్టి అడ్డు గానీ తప్పనిసరి. చెక్క ఫెన్స్‌ను నమ్ముకోవద్దు, 60 పౌండ్ల విల్లు బాణం దాన్ని దాటిపోగలదు.