కెప్టెన్ పికార్డ్ తాగే టీ మన దబ్బకాయ తొక్కతో కుదురుతుందాండీ?

నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి ఇన్నాళ్లూ టీ ముట్టలేదు. 1987లో మొదలైన ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ సీరియల్ ఈమధ్య చూసి, అందులో కెప్టెన్ పికార్డ్ అడిగి తాగే ఎర్ల్ గ్రే టీ మీద మనసు పడింది. ఒక కల్పిత పాత్ర పిల్లల నాలుకని ఇంతలా మార్చేస్తుందా అని ఆశ్చర్యంగా ఉంది, ముచ్చటగానూ ఉంది. దాని పుట్టినరోజుకి నా చేత్తో చేసివ్వాలని ఆశ.

ఎర్ల్ గ్రే అంటే బ్లాక్ టీ ఆకుకి బెర్గమాట్ పండు తొక్క నూనె వాసన పట్టించినది. అది నిమ్మజాతి పండు, ఎక్కువగా ఇటలీ దక్షిణాన కలాబ్రియాలో పండుతుంది. ప్యాకెట్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది గానీ, మా పెరట్లో దబ్బచెట్టు విరగకాసింది. ఆ తొక్క గిల్లితే వచ్చే ఘాటు చూస్తే ఇదెందుకు పనికిరాదు అనిపిస్తోంది. ఒంటికి రాసుకునే బెర్గమాట్ నూనె మాత్రం వాడను.

తొక్క నీడలో ఆరబెట్టాలా, పచ్చిదే వెయ్యాలా? లోపలి తెల్లభాగం చేదు కాబట్టి తీసేస్తాను. మనం పాలల్లో మరిగించే డస్ట్ టీ దీనికి నప్పుతుందా, ఆకు టీ కొనాలా? పాలు పోస్తే విరుగుతాయా?

ఇంకో కోరిక. అగాథా క్రిస్టీ నవలల్లో డిటెక్టివ్ పోయిరోకి హాట్ చాక్లెట్ ఎలాగో, అలా ఒక పానీయంతో గుర్తుండిపోయే పాత్ర మన తెలుగు కథల్లో ఉంటే చెప్పండి, దాని చేత చదివిస్తాను.

పుట్టినరోజు వచ్చే వారమే. తొక్క ఎండాలి కదా, ఆ సంగతి ముందు చెబితే మేలండీ.