శాన్ స్టార్మ్ కారులో రేడియో గరగర: సెట్టు మార్చాలా, యాంటెన్నా మార్చాలా?

ప్రశ్న (మహబూబ్‌నగర్ నుంచి): మా మామయ్య దగ్గర తీసుకున్న పాత శాన్ స్టార్మ్ కారులో, షాద్‌నగర్ దాటగానే ఎఫ్‌ఎం గరగరమంటోంది; పైగా తాళంచెవి తీసిన ప్రతిసారీ పెట్టుకున్న స్టేషన్లన్నీ చెరిగిపోతున్నాయి. చూసిన మెకానిక్ కొత్త సెట్టు తప్ప దారి లేదన్నాడు. నిజమేనా?

జవాబు (నల్లగొండ నుంచి): తొందరపడి సెట్టు మార్చకండి. స్టేషన్లు చెరిగిపోతున్నాయంటే ముందు సెట్టు వెనకున్న పసుపు తీగనే అనుమానించాలి. దానికి బ్యాటరీ నుంచి ఎప్పుడూ 12 వోల్టులు అందాలి, తాళంచెవి తిప్పినప్పుడే కరెంటు అందవలసింది ఎర్ర తీగకు మాత్రమే. తాళంచెవి తీసేసి పసుపు తీగ మీద మల్టీమీటరు (వోల్టులు కొలిచే పరికరం) పెట్టండి. సున్నా చూపిస్తే దొంగ దొరికినట్టే.

జవాబు (మిర్యాలగూడ నుంచి): గరగర సంగతి వేరు. ఆ కారు బాడీ ఫైబర్‌గ్లాసుది. మామూలు కార్లలో యాంటెన్నాకు కింది ఇనుప రేకే ఎర్తుగా పనికివస్తుంది. మీకు ఆ ఆసరా లేదు కనుక, యాంటెన్నా అడుగు నుంచి ఛాసిస్ (కారు కింది ఇనుప చట్రం) వరకు, అక్కడ రంగు గీకించి, మందపాటి తీగ వేయించండి. యాంటెన్నా పుల్ల దాదాపు 75 సెంటీమీటర్లుంటే 100 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల స్టేషన్లు బాగా అందుతాయి. పొట్టి రబ్బరు పుల్ల చూపుకే తప్ప పనికి కాదు.

ప్రశ్న అడిగినవారు: సెట్టు బయటికి లాగి చూస్తే, పసుపు, ఎర్ర తీగలు రెండింటినీ మెలిపెట్టి ఒకే టేపు చుట్టి ఉంది. విడదీసి వేయించాను, స్టేషన్లు నిలిచాయి. ఎర్తు తీగ పని ఆదివారం పెట్టుకున్నాను.