పీసీయూఎస్‌ఏ నుంచి సంఘం బయటకు రావాలంటే: ఓటు, ఆస్తి, ప్రెస్బిటరీ అనుమతి

ప్రశ్న (టెక్సస్‌లో ఒక ప్రెస్బిటేరియన్ సంఘంలో రూలింగ్ ఎల్డర్, అంటే సంఘం ఎన్నుకున్న పెద్ద)

అందరికీ వందనాలు. మా సెషన్‌లో (సంఘాన్ని నడిపే పెద్దల సభ) ఎక్కువ మంది పీసీయూఎస్‌ఏ (మా సంఘం ఉన్న అమెరికా ప్రెస్బిటేరియన్ డినామినేషన్, అంటే సంఘాల సమాఖ్య) వదిలి ఈసీవో అనే మరో ప్రెస్బిటేరియన్ డినామినేషన్‌లో చేరదామంటున్నారు. వచ్చే నెలలోనే సంఘ సమావేశం పెట్టి ఓటు వేయిద్దామన్న ప్రతిపాదన వచ్చింది. మందిరం దస్తావేజు మా సంఘం పేరునే ఉంది. కొంత అప్పు ఉంది. మూడింట రెండొంతుల ఓటు వస్తే సరిపోతుందా? ప్రెస్బిటరీ (మా ప్రాంతంలోని సంఘాల మీద అధికారం ఉన్న సభ) ఆపగలదా? ఏది ముందు చేయాలి, ఏది చేయకూడదు? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు (ప్రెస్బిటరీ తరఫున ఇలాంటి చర్చల్లో కూర్చునే పాస్టర్)

వందనాలు బ్రదర్. వచ్చే నెల ఓటు ముందు ఆపించండి. సంఘం ఎంత మెజారిటీతో ఓటేసినా ఆ ఓటుతో సంఘం బయటకు వెళ్లినట్టు కాదు. బుక్ ఆఫ్ ఆర్డర్ (పీసీయూఎస్‌ఏ రాజ్యాంగంలో పాలన నియమాలున్న భాగం, 'జీ-' అంకెలు అందులోని నిబంధనలవి) ప్రకారం సంఘాన్ని విడుదల చేసే అధికారం ప్రెస్బిటరీదే, అదీ సంఘ సభ్యులతో సంప్రదించాకే (జీ-3.0301, జీ-3.0303). సంఘ సమావేశంలో ఏయే పనులు చేపట్టవచ్చో జీ-1.0503లో జాబితా ఉంది: పెద్దలను ఎన్నుకోవడం, పాస్టర్‌ను పిలవడం, ఆస్తి కొనడం, అమ్మడం, తాకట్టు పెట్టడం వంటివి. డినామినేషన్ వదలడం అందులో లేదు. కాబట్టి మీ అంతట మీరు పెట్టుకున్న ఓటు రాజ్యాంగపరంగా చెల్లదు. పైగా 'వీళ్లు తెగదెంపులకు సిద్ధపడ్డారు' అన్న అనుమానం అవతలివాళ్లకు మొదటిరోజే కలుగుతుంది.

చాలా ప్రెస్బిటరీలకు 'గ్రేషస్ డిస్మిసల్ పాలసీ' (సామరస్యంగా విడుదల చేసే పద్ధతి) అని రాతపూర్వక విధానం ఉంది. 2008 జనరల్ అసెంబ్లీ (డినామినేషన్ జాతీయ మహాసభ) ఇలాంటి విషయాల్లో కోర్టులకెక్కకుండా కాపరి మనసుతో, పారదర్శకంగా నడుచుకోమని ప్రెస్బిటరీలను కోరింది. 2011లో స్వలింగ సంబంధాల్లో ఉన్నవారి అభిషేకానికి దారి తీసిన అర్హతల సవరణ, 2015లో స్వలింగ వివాహానికి చోటిచ్చిన వివాహ నిర్వచనం సవరణ ఆమోదం పొందాక వెళ్తామన్న సంఘాలు పెరిగాయి, దాంతో ఈ పాలసీలకూ పని పెరిగింది. ప్రతి ప్రెస్బిటరీ పాలసీ వేరు. పక్క ప్రెస్బిటరీ సంఘానికి జరిగింది మీకూ జరుగుతుందని అనుకోకండి. స్టేటెడ్ క్లర్క్‌ను (ప్రెస్బిటరీ రికార్డులు చూసే అధికారి) అడిగి మీ పాలసీ తాజా ప్రతి తెప్పించుకోండి.

సాధారణంగా వరస ఇలా ఉంటుంది. సెషన్ తీర్మానం చేసి ప్రెస్బిటరీకి ఉత్తరం రాస్తుంది. ప్రెస్బిటరీ ఒక బృందాన్ని పంపుతుంది. ఆ బృందం ముందు సెషన్‌తో, తర్వాత సంఘమంతటితో కూర్చుంటుంది. వెళ్దామనేవాళ్ల మాట, ఉందామనేవాళ్ల మాట రెండూ వింటుంది. ఇది నెలల తరబడి సాగుతుంది, తొందరపెడితే చెడుతుంది. తర్వాత ప్రెస్బిటరీ పిలిచిన సమావేశంలో సభ్యుల అభిప్రాయ ఓటు ఉంటుంది. కోరం ఎంత, ఎన్నో వంతు ఓట్లు రావాలి అన్నది పాలసీలో రాసి ఉంటుంది. 2014లో హ్యూస్టన్ ఫస్ట్ ప్రెస్బిటేరియన్ చర్చిలో మెజారిటీ వెళ్దామన్నా, కావలసిన మూడింట రెండొంతులు కొద్దిలో తప్పింది. అందరూ ఒకే మాట మీద ఉన్నారన్న నమ్మకంతో లెక్కలు వేసుకోవద్దు. ఓటు తర్వాత ఆర్థిక ఒప్పందం, ఆపైన ప్రెస్బిటరీ సభలో తుది ఓటు. చేర్చుకునే డినామినేషన్ అంగీకార పత్రం కూడా అప్పటికి చేతిలో ఉండాలి. సంఘాన్ని విడుదల చేసేది మరో రిఫార్మ్‌డ్ (కాల్విన్ సంప్రదాయపు) డినామినేషన్‌కే. ఈసీవో, ఈపీసీ (ఇవాంజెలికల్ ప్రెస్బిటేరియన్ చర్చి) ఆ కోవలోకి వస్తాయి. స్వతంత్ర సంఘంగా ఉండిపోతామంటే దారి దొరకడం చాలా కష్టం.

జవాబు (చర్చి ఆస్తుల కేసులు చూసే లాయరు)

దస్తావేజు గురించి చెప్తాను, ఎక్కువ మంది పొరబడేది అక్కడే. మన సీఎస్‌ఐలో ఆస్తులు సీఎస్‌ఐ ట్రస్ట్ అసోసియేషన్ పేరున ఉంటాయి కాబట్టి 'అక్కడ ఆస్తి పైవాళ్లది, ఇక్కడ మా పేరున ఉంది కనుక మాది' అనుకుంటారు మనవాళ్లు. పీసీయూఎస్‌ఏలో అలా కాదు. జీ-4.0203 ప్రకారం దస్తావేజు ఎవరి పేరున ఉన్నా ఆస్తి మొత్తం పీసీయూఎస్‌ఏ ఉపయోగం కోసం ట్రస్టుగా ఉంటుంది.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందంటే, జార్జియాలోని మేకన్‌లో వైన్‌విల్ ప్రెస్బిటేరియన్ చర్చి చీలిక కేసు జోన్స్ వర్సెస్ వుల్ఫ్‌గా అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1979లో 5-4తో తీర్పు వచ్చింది. సిద్ధాంత వివాదంలో తలదూర్చకుండా దస్తావేజు, రాష్ట్ర చట్టం, సంఘ నియమావళి, డినామినేషన్ రాజ్యాంగం చదివి రాష్ట్ర కోర్టులు తేల్చవచ్చని చెప్పింది. డినామినేషన్లు తమ రాజ్యాంగంలో ట్రస్టు మాట స్పష్టంగా రాసుకోవచ్చనీ చెప్పింది. ఆ వెంటనే ఉత్తరాది, దక్షిణాది ప్రెస్బిటేరియన్ శాఖలు రెండూ ట్రస్టు నిబంధన చేర్చుకున్నాయి. 1983లో ఆ రెండూ కలిసి పీసీయూఎస్‌ఏ అయ్యాయి.

ఆ నిబంధన కోర్టులో నిలబడుతుందా అంటే రాష్ట్రాన్ని బట్టి. 2011లో జార్జియా సుప్రీంకోర్టు టింబర్‌రిడ్జ్ కేసులో ప్రెస్బిటరీ పక్షాన తీర్పిచ్చింది. అదే ఏడాది లూసియానాలో కారల్టన్ చర్చి కేసులో స్థానిక సంఘం గెలిచింది. టెక్సస్ సుప్రీంకోర్టు 2013లో ఒక ఎపిస్కోపల్ కేసులో దస్తావేజు, రాష్ట్ర చట్టం చూసి తేల్చే పద్ధతినే పాటించాలంది. అంటే మీ రాష్ట్రంలో కాగితాలకు బలం ఉంది. కాగితాలు మీవైపే ఉన్నాయని మాత్రం దాని అర్థం కాదు.

మీరు ఇప్పుడు తీయించాల్సినవి: అసలు దస్తావేజు, ఆ తర్వాత కొన్న ప్రతి ప్లాటు దస్తావేజు (పార్కింగ్ స్థలం, పాస్టర్ ఇల్లు వేరువేరుగా కొని ఉంటారు), రాష్ట్రంలో నమోదైన ఆర్టికల్స్ ఆఫ్ ఇన్‌కార్పొరేషన్ (సంస్థ స్థాపన పత్రం), వాటికి చేసిన ప్రతి సవరణ, బైలాస్ (సంఘ నియమావళి). మీ సంఘం 1983కు ముందు దక్షిణాది శాఖలో ఉండి ఉంటే 1983 నుంచి 1991 వరకు సంఘ సమావేశాల మినిట్స్ కూడా వెతకండి. జీ-4.0208 కింద ఆ ఎనిమిదేళ్లలో ఓటేసి, ప్రెస్బిటరీకి తెలియజేసిన సంఘాలకు ఆస్తి అధ్యాయం నుంచి మినహాయింపు దొరికింది. ఆ మినహాయింపు అమ్మకం, తాకట్టు అనుమతుల వరకేనా, ట్రస్టుకూ వర్తిస్తుందా అన్న వాదన ఉంది. అయినా ఆ కాగితం ఉంటే బేరసారాల్లో దాని విలువ దానిదే.

మళ్లీ ప్రశ్న (అదే రూలింగ్ ఎల్డర్)

చాలా కృతజ్ఞతలు. ముందు జాగ్రత్తగా ఆస్తిని వేరే కార్పొరేషన్ పేరుకు మార్చి, బైలాస్‌లోంచి పీసీయూఎస్‌ఏ మాట తీసేద్దామని ఒకరు సూచించారు. దానివల్ల ఇబ్బందా?

జవాబు (లాయరు)

ఆ పని అస్సలు చేయకండి. ఆస్తి అమ్మినా, తాకట్టు పెట్టినా, మరొకరి పేరుకు మార్చినా ప్రెస్బిటరీ రాతపూర్వక అనుమతి కావాలి (జీ-4.0206). అనుమతి లేకుండా మార్చారని తెలిస్తే ప్రెస్బిటరీ అడ్మినిస్ట్రేటివ్ కమిషన్‌ను (తన తరఫున విచారించి చర్య తీసుకునే బృందం) వేస్తుంది. సెషన్ తన పని సరిగా చేయలేకపోతోందని విచారణలో తేలితే, సెషన్ వాదన విన్నాక, ఆ కమిషనే సెషన్ అధికారాన్ని తన చేతిలోకి తీసుకోవచ్చు. అప్పుడు మీ తరఫున మాట్లాడటానికి మీకు సెషనే ఉండదు.

సభ్యుల జాబితా విషయంలోనూ ఇంతే. ఓటుకు ముందు 'హాజరు కానివాళ్లు' అంటూ ఒక వర్గం పేర్లు కొట్టేయడం, హఠాత్తుగా కొత్తవాళ్లను చేర్చడం కంటపడితే ఓటు ఫలితం మీద ఎవరికీ నమ్మకం ఉండదు.

జవాబు (పాస్టర్)

దీనికి జతగా ఇంకొకటి. ఉండిపోదామనే సభ్యులను శత్రువుల్లా చూడకండి. జీ-4.0207 చదవండి: సంఘం చీలితే 'నిజమైన సంఘం' ఏ వర్గమో ప్రెస్బిటరీ తేలుస్తుంది, ఆ నిర్ణయం ఏ వర్గానికి ఎక్కువ ఓట్లు వచ్చాయన్నదాని మీద ఆధారపడదు. వాళ్లు చిన్న గుంపైనా సంఘంగా నిలబడగలరని తేలితే ఆస్తి వాళ్లకే దక్కవచ్చు. వాళ్లకు మందిరంలో ఆరాధన వేళ కేటాయించడమో, వేరే చోట మొదలుపెట్టుకోవడానికి డబ్బు ఇవ్వడమో ఒప్పందంలో పెట్టిన సంఘాలు సాఫీగా బయటపడతాయి. ఏళ్ల తరబడి ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పంచుకున్నవాళ్లు కదా, వాళ్లకు అది చేయవలసిన న్యాయం కూడా.

జవాబు (చర్చి ట్రెజరర్‌గా ఉన్న అకౌంటెంట్)

డబ్బు విషయం నేను చెప్తాను. ప్రెస్బిటరీ 'పోండి, ఆస్తి ఉంచుకోండి' అని ఊరికే వదిలేయడానికి వీల్లేదు. 2012లో టామ్ వర్సెస్ శాన్ ఫ్రాన్సిస్కో ప్రెస్బిటరీ కేసులో డినామినేషన్ అత్యున్నత చర్చి న్యాయస్థానం తేల్చింది ఇదే: ట్రస్టు నిబంధన వల్ల ఆస్తి విలువను తగిన విచారణతో చూసి, పీసీయూఎస్‌ఏ ప్రయోజనాన్ని లెక్కలోకి తీసుకున్నాకే విడుదల చేయాలి. అందుకే అవతలి బృందం మీ లెక్కల్లో లోతుకు వెళ్తుంది. దాన్ని అవమానంగా తీసుకోకండి, అది వాళ్ల బాధ్యత.

పెద్ద సంఘాలు ఇచ్చిన మొత్తాలు చూస్తే, కాలిఫోర్నియాలో మెన్లో పార్క్ సంఘం 2014లో ఈసీవోకు వెళ్తూ 88 లక్షల 90 వేల డాలర్లు కట్టింది. డాలస్‌లో హైలాండ్ పార్క్ సంఘం కోర్టుకెక్కి, చివరికి అదే ఏడాది 78 లక్షల డాలర్లకు గ్రేస్ ప్రెస్బిటరీతో రాజీపడింది. మామూలు సంఘం ఈ అంకెలు చూసి బెదరక్కర్లేదు. మొత్తాన్ని కొన్నేళ్ల వాయిదాల్లో కట్టుకునే వెసులుబాటు సాధారణంగా ఉంటుంది.

బృందం ముందు మీరు పెట్టాల్సినవి: స్వతంత్రంగా చేయించిన ఆస్తి అంచనా, గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు, అప్పుల జాబితా, కప్పు, ఏసీ, పునాది లాంటివాటికి వాయిదా పడిన మరమ్మతుల అంచనా (ఇది చూపించకపోతే విలువ ఎక్కువ పడుతుంది), బాకీ ఉన్న పర్ క్యాపిటా (సభ్యుల లెక్కన పైసభలకు కట్టే మొత్తం). ఎవరైనా ఒక నిర్దిష్ట పనికి ఇచ్చిన విరాళాలు వేరే పట్టీలో చూపించండి. 'పీసీయూఎస్‌ఏ మిషన్ పనికి' అని రాసి ఇచ్చిన డబ్బును మీతో తీసుకెళ్లడం కుదరదు.

మీ అప్పు ప్రెస్బిటేరియన్ ఇన్వెస్ట్‌మెంట్ అండ్ లోన్ ప్రోగ్రామ్‌దా, బయటి బ్యాంకుదా చూడండి. డినామినేషన్ అప్పయితే వేరే బ్యాంకుకు మార్చుకోవాల్సి రావచ్చు, దానికి నెలలు పడుతుంది. ఇన్‌కంట్యాక్స్ మినహాయింపు చాలా సంఘాలకు పీసీయూఎస్‌ఏ గ్రూపు ఉత్తర్వు కింద ఉంటుంది. వెళ్లాక అది వర్తించదు కాబట్టి కొత్త డినామినేషన్ గ్రూపు కింద చేరాలి, లేదా సొంతంగా పత్రం తెచ్చుకోవాలి. పాస్టర్ ఆరోగ్య బీమా బోర్డ్ ఆఫ్ పెన్షన్స్ (పీసీయూఎస్‌ఏలో పింఛన్లు, బీమా చూసే సంస్థ) నుంచి ఏ తేదీకి ఆగిపోతుందో రాతపూర్వకంగా తెప్పించి, కొత్త బీమా ఆ రోజు నుంచే మొదలయ్యేలా చూడండి. ఈ ఒక్కదాన్ని మరిచిపోతే పాస్టర్ కుటుంబం వీధిన పడుతుంది.

ఒప్పందం పూర్తయిన రోజు ప్రెస్బిటరీ తన ట్రస్టు హక్కు వదులుకున్నట్టు పత్రం రాసివ్వాలి. దాన్ని కౌంటీ రికార్డుల్లో నమోదు చేయించండి. నోటిమాటతో సరిపెట్టుకుంటే పదేళ్ల తర్వాత అమ్మకమో అప్పో వచ్చినప్పుడు టైటిల్ కంపెనీ (ఆస్తి హక్కు సరిచూసే సంస్థ) దగ్గర ఆగిపోతారు.

ప్రశ్న (ఇలాంటి మందిరంలో అద్దెకు ఆరాధించుకునే తెలుగు ఫెలోషిప్ కార్యదర్శి)

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. మేము ఆదివారం మధ్యాహ్నాలు ఒక పీసీయూఎస్‌ఏ మందిరం వాడుకుంటున్నాం. వాళ్లూ వెళ్లిపోయే చర్చల్లో ఉన్నారట. మా పరిస్థితి ఏంటి?

జవాబు (లాయరు)

సిస్టర్, మీ లీజు కాగితం తీసి రెండు విషయాలు చూడండి. ఆరాధన స్థలాన్ని లీజుకివ్వాలన్నా, ఏ ఆస్తినైనా ఐదేళ్లకు మించి ఇవ్వాలన్నా సెషన్‌కు ప్రెస్బిటరీ రాతపూర్వక అనుమతి కావాలి. అది ఉందా లేదా? రెండోది, ఆస్తి చేతులు మారితే లీజు కొనసాగుతుందన్న మాట అందులో ఉందా? ఈ రెండూ లేకపోతే ఇప్పుడే సెషన్‌కు ఉత్తరం రాసి, మీ వాడకాన్ని విడుదల ఒప్పందంలో ఒక షరతుగా చేర్చమని అడగండి. ప్రెస్బిటరీ బృందానికీ ఒక ప్రతి పంపండి. ఓటు అయ్యాక అడిగితే ఒప్పందంలో మీకు చోటు దొరకదు.